పాత చాకునకు క్రొత్త పిడి

ఇంటిలోని వస్తువులకు వెల కట్టుటలో లోకమున కొక పద్ధతి యున్నది. బంగారమునకు తూకము, ఇత్తడి పాత్రకు బరువు, పట్టుచీరకు జరీ ప్రమాణములు. ఈ మూడింటిలో నేదియు లేక, ఏ పంపకపు జాబితాలోను చేరక, అయినను దినమునకు పదిమార్లు చేతికి వచ్చు వస్తువులు కొన్ని కలవు. కత్తిపీట, అడకత్తెర, రుబ్బురోటి పొత్రము, జేబుచాకు ఇట్టివి. ఇవి చెడినప్పుడు మనము రెండు మార్గములే యెరుగుదుము: పారవేయుట, లేదా అటుక మీద పెట్టి మరచుట. మూడవ మార్గ మొకటి కలదనియు, అది తెలిసిన పనివారు చార్మినారు వెనుక సందులలో నింకను గలరనియు సోదరీమణులకు మనవి చేయుదును. ఆ మార్గమున నడచుటవలన మా యింట తేలిన విషయము చాకును మించినది గనుక దానిని గూడ వ్రాయుచున్నాను.

మా యింటి చాకు మడచినప్పుడు నా యరచేతి వెడల్పు మాత్రమే యుండును. దానికి అలుగు ఒక్కటే. అలుగు వెనుక బలమైన ఉక్కు కమాను. ఆ రెంటికి ఇరుప్రక్కల పలుచని ఇత్తడి రేకులు. రేకులపైని రెండు బద్దలుగా నల్లని యెనుబోతు కొమ్ము. ఈ పొరల నన్నిటిని పట్టి యుంచునవి నాలుగు సన్నని చీలలు. అలుగును గోటితో లాగుటకు దాని మీద అర్ధచంద్రాకారముగ నొక గాడి యుండును. తెరచినప్పుడును మూసినప్పుడును కమాను ‘టక్కు’మని పలుకును. ఆ పలుకును బట్టియే చాకు ఆరోగ్యము చెప్పవచ్చునని తరువాత తెలిసికొంటిని.

ఈ చాకును మా మామగారి తండ్రిగారు పత్తర్‌గట్టీలో కొనిరట. మా మామగారు 1934 లో జన్మించిరి. అప్పటి హైదరాబాదు రాజ్యమున కచ్చేరీలు, న్యాయస్థానములు ఉర్దూలో నడచెడివి. 1918 లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము బోధన ఉర్దూలోనే జరిగెడిది. కావున శాలిబండలో నింట తెలుగు మాటలాడు ఈ బాలుడు బడిలో ఉర్దూ దస్తూరి దిద్దెను. ఆ దస్తూరి ముత్యములవలె కుదిరినది. పెద్దవాడై రెవెన్యూ కచ్చేరీలో గుమాస్తాగా చేరిన తరువాత గూడ, సాయంకాలములందు ఛత్తాబజారు ముద్రణాలయములకు పెండ్లి శుభలేఖలు వ్రాసి యిచ్చెడివారు. కంప్యూటరు రాకముందు ఛత్తాబజారున ఉర్దూ అచ్చుపని యంతయు కాతిబుల చేతివ్రాత మీదనే యాధారపడి యుండెను. కాతిబు చేతిలోని రెల్లుకలము కొన్ని పుటలు వ్రాయగనే మొద్దుబారును. దాని మొనను ఏటవాలుగ చెక్కి, నడుమ చీల్చి, మరల కొస తెగగోయవలెను. ఈ పనికి వాడు చాకును ఉర్దూలో ‘కలంతరాష్’ అందురు. మన పూర్వులు తాటాకులపై వ్రాయు గంటమునకు సైతము ఒక్కొక్కప్పుడు ఆకును సవరించుటకై మడత అలుగు నమర్చుకొనెడివారు. కలమును చాకును ఏ దేశమునను అక్కచెల్లెండ్రే. మా యాడుబిడ్డల చదువు రుసుములు ఈ చాకుతో చెక్కిన కలములనుండియే వచ్చినవని మా యత్తగారు చెప్పుదురు.

మామగారు 2009 లో గతించిరి. కలములు మూలబడినవి. చాకు మాత్రము మూలబడలేదు. మా యత్తగారు దానిని కొంగున ముడివేసికొని తమ పనులలోనికి తీసికొనిరి. జామపండు కోయుట, మామిడి యొరుగులకు చెక్కు తీయుట, పూలదండ దారము త్రెంచుట, మునుగకాడ ఈనె లాగుట, వచ్చిన కట్టల పురికొసలు కోయుట సమస్తము దానితోనే. కత్తిపీట ముందు కూర్చుండుటకు మోకాళ్ళు అంగీకరింపని వయస్సున ఈ చిన్న చాకే ఆమెను వంటింటి పనిలో నిలిపినది.

కొంతకాలమునకు రెండు కష్టములు కలిసి వచ్చినవి. ఒకటి, కొమ్ము బద్దలలో కుడిదానికి పురుగు పట్టి చీలికవారినది. కొమ్మును వెండ్రుకను తిను పురుగులు కొన్ని కలవు. అవి లోపల తొలిచి పైన పొర విడిచిపెట్టును. ఒకనాడు ఆ పొర విరిగి చాకు చేతిలో జారెను. రెండవది, మా యత్తగారి వ్రేళ్ళ కీళ్ళు వాచి సన్నని వస్తువును గట్టిగా పట్టుకొనలేకపోయిరి. ఇంటిలో మేమందరము కలిసి, ‘ఇక మీరు కోయనక్కరలేదు, మేము కోసి పళ్ళెములో పెట్టుదుము’ అంటిమి. మాట ప్రేమతో నన్నదే. కాని ఆనాటినుండి ఆమె పండు తినుట తగ్గించిరి. పళ్ళెములోని ముక్కలు మధ్యాహ్నము వరకు నల్లబడుచుండెడివి. అడిగినచో ‘ఆకలైతలేదు’ అనెడివారు.

సంవత్సరీకమునకు వచ్చిన మా బావగారు చాకును చూచి, అలుగు మీది తుప్పును వ్రేలితో రుద్దిరి. ఒక నక్షత్రము, దాని ప్రక్క మాల్టా శిలువ కనబడినవి. అది ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు జోసెఫ్ రాడ్జర్స్ వారి గుర్తు. ఆ గుర్తు 1682 లోనే ఆ పట్టణపు కత్తులవారి సంఘమున నమోదైనదనియు, 1764 నుండి రాడ్జర్స్ వారు దానిని వాడుచు వచ్చిరనియు చరిత్ర కలదు. 1822 లో ఆ సంస్థ ఇంగ్లండు రాజునకు కత్తు లందించు గౌరవమును పొందినది. అంత పేరు గలదగుటచేత ఆ గుర్తునకు నకళ్ళు గూడ లోకమంతట బయలుదేరినవి. మాది అసలో నకలో చెప్పుట సులభము కాదు. అయినను పాత వస్తువుల వర్తకు డొకడు చూచి రెండువేల రూపాయ లిత్తుననెను. బావగారు, ‘అమ్మి, ఆ సొమ్ముతో అమ్మకు మంచి క్రొత్త చాకులు నాలుగు కొనవచ్చును గదా’ అనిరి. లెక్క సరియైనదే. పళ్ళెములో నల్లబడిన జామముక్కలు ఆ లెక్కలో లేవు.

ఈ సందర్భమున మన దేశపు ఉక్కును గూర్చి యొక మాట చెప్పవలెను. పరదేశపు గుర్తు చూడగనే మనకు గౌరవము కలుగును. ఆంగ్లేయులు ‘ఊట్జ్’ అని పిలిచిన మేలి ఉక్కు పేరు మన దక్షిణదేశపు ‘ఉక్కు’ అను మాటనుండియే పుట్టినదని పండితులు తలంతురు. 1795 లో లండనులోని రాయల్ సొసైటీ వారి యెదుట డాక్టరు జార్జి పియర్సన్ ఈ ఉక్కును గూర్చి వ్యాసము చదివెను. బొంబాయినుండి డాక్టరు హెలెనస్ స్కాట్ పంపిన ఉక్కులో కొంత తీసికొని స్టోడార్ట్ అను కత్తుల పనివాడు కలము చెక్కు చాకును చేసెననియు, దాని వాదర మేలైన ఉక్కు చాకుల వాదరకు తీసిపోలేదనియు అందు కలదు. ఆ స్టోడార్టే 1820 లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమములపై తాము చేసిన ప్రయోగములను ప్రకటించెను. మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఈ ఉక్కును మూసలలో కరగించు విధానమును డాక్టరు వాయిసీ కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832 లో అచ్చుపడినది. పారశీక దేశపు వర్తకులు అంతదూరమునుండి ఆ పల్లెకు వచ్చి ఉక్కు కొనిపోయెడివారు. ఒక చిన్న చాకు వెనుక సముద్రముల కీవలావల ఇంత కథ యున్నదని తెలిసికొన్నప్పుడు దానిని పాతయినుపముక్కగ చూచుటకు మనసొప్పదు.

నేను చాకును గుడ్డలో చుట్టుకొని చార్మినారునకు వెళ్ళితిని. 1591 లో కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడమునకు పడమటగా లాడ్‌బజారు గాజుల మెరుపులు. మరికొంత లోనికి పోయినచో 1892 నాటి మహబూబ్ చౌక్ గడియారస్తంభము. ఆ పరిసరముల సందులలో కత్తులు, కత్తెరలు, సుత్తులు అమ్మువారును సానపట్టువారును గలరు. బక్రీదు దినములలో వారికి ఊపిరి సలుపదు. మొదట చూపిన దుకాణమున విద్యుత్తు సానపై అయిదు నిమిషములలో అద్దమువలె మెరిపింతుమనిరి. నేను సందేహించి ప్రక్క సందున నొక వృద్ధుని యొద్దకు పోతిని. ఆయన కండ్లద్దములు సవరించుకొని, అలుగును రెండుమార్లు తెరచి మూసి, చెవి యొగ్గి విని, ‘లోహా అచ్ఛా హై అమ్మా, దస్తా గయా. మషీన్ పే నక్కో’ అనెను. ఇనుము మంచిదే, పిడియే పోయినది, యంత్రము మీద పెట్టవద్దు అని భావము. నేను కారణ మడుగగా ఆయన వివరించెను. ఉక్కుకు పదును పెట్టునది అగ్నియే, పదును హరించునదియు అగ్నియే. వేగముగా తిరుగు సాన మీద పలుచని వాదర క్షణములో వేడెక్కును. అంచున నీలిరంగు తోచినదా, అచ్చట ఉక్కు మెత్తబడినదన్నమాట. ఆ పైన ఎంత నూరినను వాదర నిలువదు. పైగా మెరుపుకొరకు రుద్దినచో గుర్తు సైతము చెరిగిపోవును.

పిడికి ఏమి వేయవలెనను ప్రశ్న వచ్చినది. పూర్వము దొరల చాకులకు కణుజుకొమ్ము, ఏనుగు దంతము వేసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, తరువాతి సవరణలను అనుసరించి అట్టివాని వ్యాపారము నేడు నేరము. ఎవరైన ‘పాతదే’ అని చూపినను కొనరాదు. ఎనుబోతు కొమ్మునకు ఆ బాధ లేదు, కాని పురుగు భయమున్నది. ప్లాస్టికు చవుక, తడిచేతిలో జారును. చేవ గల కొయ్య మేలు. చింతచేవ, తునికిచేవ, జిట్టేగి ఈ మూడును గట్టివే. అయితే పచ్చికొయ్య యెండినకొలది కుంచించుకొని చీలల వద్ద పగులును. ‘ఇంటిలో పాత కొయ్యసామా నేదైన విరిగినది యుంటే తెండమ్మా, దానికంటె ఆరిన కొయ్య నా యొద్ద దొరకదు’ అని ఆయన ఉర్దూలో ననెను.

ఇంకొక సంగతి యుండెను. విరిగినది కుడి బద్ద. ఎడమ బద్ద చెక్కుచెదరలేదు. దాని మీద మా మామగారి బొటనవ్రేలు ఏబదియేండ్లు ఆనగా ఏర్పడిన చిన్న గుంట యున్నది. కొమ్ము వంటి కఠిన పదార్థము మీద మెత్తని వ్రేలు వేసిన ముద్ర! దానిని అట్లే యుంచి, కుడివైపున మాత్రము క్రొత్తది వేయవచ్చునా యని అడిగితిని. వేయవచ్చును, కాని రెండు ప్రక్కలు ఒక్క మందము రావు, పట్టు సమముగ నుండదని ఆయన చెప్పెను. అయినను ఆ గుంటను తీసివేయుటకు నాకు చేయి రాలేదు. ఇంటికి వచ్చి మా యత్తగారితో, ‘మామయ్యగారి గురుతు పోకుండ ఎడమది అట్లే యుంచమందును అత్తమ్మా’ అంటిని.

ఆమె చాకును తీసికొని గుంటలో తమ బొటనవ్రేలు పెట్టి కొంతసే పూరకుండిరి. తరువాత ననిరి: ‘ఈ గుంట ఆయన వేలిది, బిడ్డా. నా వేలు దీంట్ల ఏనాడు సక్కగ కూసోలేదు. ఆయన పోయినంక ఇన్నేండ్లు ఆయన చేతి చాకుతోనే కోసిన. ఇప్పుడన్న నా చేతికి సరిపోయేటట్టు చేపియ్యి.’

ఆ మాట విని నేను నివ్వెరపోయితిని. స్త్రీకి వచ్చు వస్తువులలో ననేకము మరియొకరి చేతికొలతతో వచ్చినవే. వానికి మన చేతిని సరిపుచ్చుకొనుట మన కలవాటు. ఎనుబదియేండ్లు దాటిన వయస్సున, వాచిన వ్రేళ్ళతో, తన చేతికొలత నడిగినది మా యత్తగారు. ఆమె భర్తను ప్రేమింపలేదని గాని మరచినదని గాని ఎవరును తలపరాదు. తీసిన ఎడమ బద్దను తనకు తెచ్చియిమ్మని చెప్పి, దానికొరకై ఆయన కండ్లద్దముల పెట్టెలో ముందుగనే చోటు చేసిరి.

కొయ్య సంగతి చెప్పగా ఆమెయే అటుక చూపిరి. 1961 లో ఆమె వివాహమునకు పుట్టింటివా రిచ్చిన పట్టెమంచము ఎన్నడో విరిగినది. దాని కోళ్ళు రెండు మిగిలియున్నవి. నల్లని చారల జిట్టేగి కొయ్య. అరువదియేండ్లకు పైగా ఆరిన చేవ. వృద్ధుడు దానిని గోటితో మీటి సంతోషించెను.

చేతికొలత యెట్లు తీయుట? వృద్ధుడు చెప్పిన యుపాయము మన వంటింటిదే. గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్దను ఆమె పిడికిట పట్టించి, చాకు పట్టినట్లు నొక్కించి, ఆ ముద్దను నీడలో ఆరబెట్టి తెమ్మనెను. వ్రేళ్ళు పూర్తిగ ముడువలేని చేతికి సన్నని పిడికంటె లావు పిడి సుఖము. పట్టుటకు తక్కువ బలము చాలును. ముద్ద చూచి ఆయన పాతదానికంటె రెండింతలు మందము గల బద్దలు కోసెను.

పని జరిగిన తీరు నేను రెండు దినములు కూర్చుండి చూచితిని. మొదట చీలల తలలను ఆకురాతితో అరగదీసి, సన్నని మొలతో తట్టి, పొరలన్నిటిని విడదీసెను. అలుగును కమానును ఒక రాత్రి కిరసనాయిలులో నానవేసెను. మరునాడు మెత్తబడిన తుప్పును వెదురు పుల్లతో గీకి, నూనె తడిపిన సన్నని రాతితో నెమ్మదిగ రుద్దెను. తుప్పు పోయెను, వయస్సుచేత వచ్చిన బూడిదవన్నె మాత్రము నిలిచెను. నక్షత్రము, శిలువ నిలిచెను. ఇత్తడి రేకుల చిలుము చింతపండుతో వదలెను. బద్దలను రేకులపై పెట్టి, రేకుల రంధ్రములనుండియే బర్మాతో తొలిచెను. అట్లు చేసినచో రంధ్రములు తప్పవు. తరువాత ఇత్తడి చీలలు దూర్చి చిన్నసుత్తితో తలలను అన్నివైపుల సమముగ విప్పార్చెను. ఒక్క దెబ్బ హెచ్చినచో కొయ్య పగులును. అలుగు తిరుగు చీలను బిగించునప్పుడు మాత్రము నడుమ పలుచని రేకు ముక్క నుంచి, బిగింపు ముగియగానే దానిని లాగివేసెను. ఆ వెండ్రుకవాసి సందు లేనిచో అలుగు తెరచుకొనదట. కడపట ఆకురాయితో, గరుకు కాగితముతో అంచులు గుండ్రము చేసి, అవిసెనూనె పట్టించి గుడ్డతో మెరుగుపెట్టెను. కూలి ఎనిమిదివందల రూపాయలు. విరిగిన కుడి బద్దను, నిలిచిన ఎడమ బద్దను కాగితమున చుట్టి చేతికిచ్చెను.

చాకు ఇంటికి వచ్చినది. మా యత్తగారు దానిని తెరచి, మూసి, మరల తెరచిరి. కమాను ‘టక్కు’మనెను. ఒక జామపండు తెమ్మని, నాలుగు చెక్కలు కోసి, మొదటి చెక్క బావగారి చేతిలో పెట్టిరి. ఆయన తిని, రెండువేల మాట మరల నెత్తలేదు. ఇప్పుడామె తన పండు తానే కోసికొనుచున్నది. మాకును కోసి పెట్టుచున్నది. పళ్ళెములో ముక్కలు నల్లబడుట లేదు.

ఇట్టి చాకు గల సోదరీమణులకు నాలుగు సూచనలు. నిమ్మ, మామిడి, చింతకాయ కోసిన వెంటనే అలుగును తుడువవలెను. పులుపు ఉక్కును తినును. నీటిలో నాననీయరాదు, కొయ్య ఉబ్బును, కీలు తుప్పుపట్టును. నెల కొకమారు కీలులో ఒక్కచుక్క కుట్టుమిషను నూనె వేసి తెరచి మూయవలెను. కొబ్బరినూనె కాలక్రమమున జిగురుకట్టును. మొద్దుబారనీయరాదు. మొద్దుచాకు జారి చేతిని కోయునంతగ పదునుచాకు కోయదు, ఏలనన పదునైనదానికి బలప్రయోగ మక్కరలేదు. చదునైన సానరాతిని తడిపి, అలుగు వెన్నును రాతినుండి కొంచె మెత్తి, రెండు వైపుల సమముగ పదిమార్లు లాగిన చాలును. మడతచాకునకు తాళము లేదు గనుక మొనతో పొడుచు పనులకు వాడరాదు; పిల్లల చేతికి ఈయరాదు.

ఇక పెద్దలున్న ఇండ్లవారికి ప్రత్యేకముగ నొక మనవి. వారి చేతిలోని పనిముట్టు చెడినప్పుడు, పనినుండి వారిని తప్పించుటయే సేవయని తొందరపడక, ముందు పనిముట్టును బాగుచేయించి చూడుడు. పిడి లావుచేసిన తీరునని, వాదర పెట్టిన తీరునని తేలవచ్చును. పనివా డడుగు కొలత నిచ్చుటకు పెద్దగ నేమియు నక్కరలేదు. పిడికెడు గోధుమపిండి చాలును.